మైనా మీద ఐదు ఆమడలు

మా ఇంటికి కొత్తగా ఎవరు వచ్చినా, భోజనాలయ్యాక తమలపాకులకి ఈనెలు తీస్తూ మా ఆవిడ ఒక సంగతి చెబుతుంది. పెళ్లిలో తలెత్తి నన్ను చూడలేదట. ఇంకా కాపురానికి రాకముందు, ఒక శ్రావణమాసంలో, కాలవగట్టు మీద ఎర్రటి గుర్రమెక్కి నేను వస్తూంటే తలుపు చాటు నుంచి మొదటిసారి చూసిందట. "గుర్రం వేరు, మనిషి వేరు అనిపించలేదండీ. రెండూ కలిసి ఒకే ప్రాణిలా వచ్చారు" అంటుంది. విన్నవాళ్లు నా బోసినోటి వంకా పొట్ట వంకా చూసి నవ్వుతారు. ఆ సంగతి మొదలవగానే నేను ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్లిపోవడం ముప్ఫై ఏళ్లుగా అలవాటు. సిగ్గుపడుతున్నాననుకుంటుంది ఆవిడ. సిగ్గే, కానీ ఆవిడ అనుకునే సిగ్గు కాదు. మొన్న మా మనవరాలు కూడా కూర్చుని అదే కథ అడిగి చెప్పించుకుంటూంటే లేవలేకపోయాను. పిల్ల పడుకున్నాక ఆ గుర్రం ఏమైందో మా ఆవిడకి మొత్తం చెప్పాను. ఆవిడ తమలపాకుల పళ్లెం పక్కకి జరిపింది. ఆఖరికి, "నాకు చెప్పారు సరే, రాసి పెట్టండి" అంది. అందుకే ఈ ప్రకరణం.

అప్పుడు నేను ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో గుమాస్తాని. రాజమండ్రిలో ఇంగ్లీషు చదువు అయిందనిపించుకుని, మా అమ్మకి అక్క అయిన పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. పెద్దమ్మ చిన్నప్పుడే భర్త పోయి, మడీ ఆచారంతో బతుకుతున్న మనిషి. పొద్దున్నే తడిబట్టతో వంటింట్లోకి వెళితే మధ్యాహ్నం దాకా ఎవరి గాలీ సోకనిచ్చేది కాదు. ఆ ఇంట్లో తెల్లవారుజామున కుంపటి పొగ, కాచిన నెయ్యి, తులసికోట దగ్గర తడిమట్టి, ఈ మూడు వాసనలతో నాకు మెలకువ వచ్చేది. నేను బయట నుంచి తెచ్చే నాలుగో వాసన ఆవిడకి బొత్తిగా పడేది కాదు. తోలు, గుర్రం చెమట, ఉడికిన ఉలవలు కలిసిన వాసన అది. "ఆ తోలుతో లోపలికి రాకురా" అని వీధరుగు మీదే ఆపేసేది. దొడ్డిదారిన నూతి దగ్గరికి వెళ్లి, బట్టలు అక్కడే విప్పి, నాలుగు చేదలు నెత్తిమీద పోసుకుంటేనే గడప లోపలికి.

అంత మడి మనిషీ, నేను ఎక్కే గుర్రం వీధిలో ఆగితే మాత్రం ఊరుకునేది కాదు. కడుగునీళ్లలో తవుడు కలిపి, దొడ్డిగోడ పక్కన విడిగా పెట్టిన కుండలో పోసి, దూరంగా నిలబడి, "రావే, తాగు" అనేది. గుర్రం మూతి కుండలో పెట్టి గుటకలు వేస్తూంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసేది. ఒక్కనాడూ తాకలేదు. కానీ వీధి మొదట్లో గిట్టల చప్పుడు వినగానే, వచ్చేది మైనాయో మరో గుర్రమో వంటింట్లోంచే చెప్పేసేది.

మైనా ఆడగుర్రం. ఆఫీసుకి నాలుగు గుర్రాలుండేవి. కాలవగట్ల వెంట వెళ్లి పడవలు దాటే లాకులూ, నీళ్లు వదిలే తూములూ చూసి రావడానికి దొరలూ ఓవర్సీర్లూ వాటినెక్కేవారు. నాలుగింటినీ చూసే మనిషి ఖాసిం సాహేబు. వాళ్ల నాన్న ఏదో సంస్థానంలో గుర్రపు దళంలో పనిచేశాడట. ఆ దళం పోయాక కొడుకు గోదావరి ఒడ్డుకి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి అప్పటికి. మాట తక్కువ. పొద్దున్నే ఉలవలు ఉడుకుతూండగా, గుర్రాల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కదాని మెడ కింద అరచెయ్యి పెట్టి కొంతసేపు అలా నిలబడేవాడు. ఏం చేస్తున్నారని అడిగితే, "కులాసా కనుక్కుంటున్నాను బాబుగారూ" అనేవాడు. గుమాస్తాలకి స్వారీ అక్కర్లేదు. నేనే సరదాపడి నేర్పమని అడిగాను. నాలుగేళ్లు నేర్పాడు.

మొదటి ఆరునెలలూ పరుగే లేదు. నడకలో గుర్రం వీపు ఎలా ఊగుతుందో నడుముతో పట్టుకోమనేవాడు. కళ్లు మూసుకోమని, ఇప్పుడు ఏ కాలు నేల మీద పడింది అని అడిగేవాడు. తప్పు చెబితే దింపేసేవాడు. "మీరు దాని మీద కూర్చుంటున్నారు. దాంతో కలిసి వెళ్లాలి" అనేవాడు. నడకకీ దౌడుకీ మధ్య ఉండే పరుగు నేర్పడానికి ఏడాది పట్టింది. దూరాలు పోవడానికి అదే పరుగు. అందులో గుర్రం కాళ్లు జంటలుగా పడతాయి. ముందు కుడికాలితో వెనక ఎడమకాలు, ముందు ఎడమకాలితో వెనక కుడికాలు. ఎక్కినవాడు ఒక జంటతో లేచి, రెండో జంట మీద కూర్చుంటాడు. ఎప్పుడూ ఒకే జంట మీద కూర్చుంటే బరువంతా వీపులో ఒక పక్కకే పడుతుంది. అందుకని మైలు మైలుకీ మార్చుకోవాలి. మార్చడం అంటే ఒక్క అడుగు ఆగి లేవడమే, చూసేవాళ్లకి తెలియను కూడా తెలియదు. కోసు కోసుకీ, అంటే రెండేసి మైళ్లకి దిగి, జీనుని బిగించే పొట్టపట్టీ వదులు చేసి, కాసేపు పక్కన నడవాలి. బయల్దేరిన మొదటి మైలూ, చేరబోయే ఆఖరి మైలూ నడకే. పగ్గం నిండు పెరుగుముంత పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఇవన్నీ నాకు మాటలుగా కాదు, ఒంట్లోకి వచ్చేశాయి. నాలుగో ఏడు వచ్చేసరికి మైనా ఊపిరి నా మోకాళ్లకి తెలిసేది. నేను ఎటు తిరగాలనుకుంటే అది అటు తిరిగేది, పగ్గం కదిలేలోపే.

ఆ శ్రావణంలో ఒకరోజు పొద్దున్న దొరగారు నన్ను పిలిపించారు. గోదావరి ఆనకట్ట దగ్గర గంట గంటకీ పెరుగుతోంది. రాత్రి గాలికి కాకినాడ వైపు తంతి తీగలు తెగిపోయాయి. కోరంగి వైపు ఆఖరి లాకు దగ్గర తూము తలుపులు సాయంత్రం సముద్రం పోటు వచ్చేలోగా వెయ్యకపోతే, పై నుంచి వరదా కింది నుంచి పోటూ కలిసి గట్టు తెగుతుంది. గట్టు కింద చేపలు పట్టుకునేవాళ్ల పల్లె ఉంది. ఓవర్సీర్లిద్దరూ ఊళ్లో లేరు. "స్వారీ వచ్చుగా, నువ్వు వెళ్లు" అని ఉత్తరం చేతికిచ్చారు. ఐదు ఆమడల దూరం, నలభై మైళ్లు.

సాహేబు మైనాకి జీను బిగించి, నేను కాలు పెట్టి ఎక్కడానికి రికాబు పట్టుకుని నిలబడ్డాడు. "దాని నడక దాన్ని నడవనివ్వండి. పోటుకి రెండు గంటల ముందే చేరిపోతారు. కొట్టక్కర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి బాబుగారూ. ఇది అలిసిపోయానని చెప్పదు. దీనికున్న దోషం అదొక్కటే. మీరే అడుగుతూండాలి."

మొదటి మూడు ఆమడలూ నా జీవితంలో అంతకంటే హాయిగా నేను చేసిన పని లేదు. కడియం దాటేసరికి చినుకులు ఆగి, మబ్బు మాత్రం అలాగే ఉంది. ఒక పక్క ఎర్రనీళ్లతో నిండుగా కాలవ, ఇంకో పక్క ఊడ్పులైన చేలు. మైనా పరుగు ఒకే వరసలో పడుతూంది. నేను లేస్తున్నానో, అదే నన్ను లేపి దింపుతోందో తెలియలేదు. మైలురాయి రాగానే మార్చుకునేవాణ్ణి, దాని చెవి ఒకటి వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు వెళ్లేది, తెలిసిందన్నట్టు. కోసు కోసుకీ దిగి నడిచాను. నడుస్తూంటే నా భుజానికి మూతి రాసేది. ద్రాక్షారామం దాటేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికి నాకు గానీ దానికి గానీ అలసటే లేదు.

అక్కడికి మైలున్నర పక్కకి మా అత్తవారి ఊరు.

ఆ ఊరు వెళ్లవలసిన పనేమీ లేదు. ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చింది కాబట్టి అల్లుడు గడప తొక్కితే తప్పులేదు అనుకున్నాను. అసలు నిజం, గుర్రం మీద నన్ను వాళ్లు చూడాలి. గుమాస్తాకి పిల్లనిచ్చామని మా మామగారి అన్నదమ్ములు చిన్నచూపు చూస్తారని పెళ్లిలోనే నాకు తెలిసింది. టైము ఉంది, చూసి వెళ్లిపోదామనుకున్నాను. కాలవగట్టు దిగి వీధిలోకి వస్తూ, నేర్చుకున్న ముచ్చటంతా చూపించాను. మైనా మెడ వంచి, అడుగులో అడుగు వేసి, వీధి పొడుగునా ఆడుతూ నడిచింది. మా ఆవిడ చూసింది అప్పుడే.

మా మామగారు ఎదురొచ్చారు. "ఎండా వానా అనకుండా వచ్చి కాళ్లు కడుక్కోకుండా వెళ్తారా అల్లుడుగారూ? ఒక్క ముద్ద తిని వెళ్లండి."

"సర్కారు పని మీద వెళ్తున్నానండి. ఆలస్యమైతే కష్టం" అన్నాను, నలుగురూ వినేలా.

"గుర్రమెక్కినవాళ్లకి ఆలస్యమేమిటండీ" అన్నారు ఆయన. ఆ మాట నాకు చాలా ఇష్టంగా వినిపించింది. దిగాను. మైనాని అరుగు స్తంభానికి కట్టించాను. పొట్టపట్టీ వదులు చెయ్యలేదు. మరిచిపోయానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. జీను బిగించి ఉంటేనే చూడటానికి బాగుంటుందనుకున్నాను. పప్పు, పులిహోర, పనసపొట్టు కూర, పాలతాలికలు. భోజనమయ్యాక జరీ కండువాతో బట్టలు పెట్టారు. "కాసేపు నడుం వాల్చండి" అన్నారు. వాల్చాను. మబ్బుకి పొద్దు ఎంతయిందో తెలియలేదు. లేచేసరికి పశువులు ఊళ్లోకి వస్తున్నాయి.

వీధిలోకి వస్తే మైనా తల దించుకుని నిలబడి ఉంది. నాలుగు గంటలకి పైగా అలా బిగించిన పట్టీతోనే ఉంది. ఎవరో పాలేరు జాలిపడి గంగాళం నిండా చన్నీళ్లు పెట్టాడట, మొత్తం తాగేసింది. అంత నీళ్లు తాగిన గుర్రాన్ని గంటసేపు పరిగెత్తించకూడదని సాహేబు నేర్పిన మొదటి పాఠాల్లోదే. ఉన్న దారి రెండు ఆమడలు, ఉన్న సమయం గంటన్నర.

మొదటి మైలు నుంచే దౌడు. కింద రేగడి బురద గిట్టల్ని పట్టుకుంటోంది. మొదట్లో మైనా ఇష్టంగానే పరిగెత్తింది. నన్ను నమ్మింది. ఒక ఆమడ అయ్యాక దాని ఊపిరి నా మోకాళ్ల కింద మారింది. చిన్నచిన్న ముక్కలుగా వస్తోంది. అప్పుడు దౌడు మాన్పించి పరుగులోకి దించాను గానీ, మార్చుకోవడం మానేశాను. ఒకే పక్కన కూర్చుంటూ పోయాను. ఆ ఒక్క అడుగు కూడా ఆగడం ఇష్టంలేక. అది రెండుసార్లు తల పక్కకి తిప్పి, మార్చమని అడిగినట్టు అడుగు తప్పించింది. నేను మళ్లీ అదే పక్కకి లాగాను. వెళ్తూనే చెయ్యి చాచి, గట్టు పక్కన వెదురు పొదలోంచి బెత్తం విరిచాను. కొట్టాను. నాలుగేళ్లలో దాన్ని కొట్టడం అదే మొదలు. మొదటి దెబ్బకి దాని ఒళ్లంతా ఉలిక్కిపడింది. తర్వాత దెబ్బలకి ఉలికిపాటు కూడా లేదు. దాని చెవులు ముందుకే ఉండిపోయాయి, ఇంక నా మాట వినవలసిన అవసరం లేదన్నట్టు. ఆ క్షణం నుంచి అది వేరు, నేను వేరు. కింద ఒక జంతువు పరిగెడుతోంది, పైన ఒక బరువు ఎగురుతోంది.

పోటు రావడానికి కాస్త ముందు లాకు చేరాను. లాకు సూపర్నెంటుగారు ఉత్తరం చదువుతూనే, తూము తలుపులు చూసే లస్కర్లని కేకేశారు. తలుపులు పడ్డాయి. గట్టు నిలిచింది. మైనా నాలుగు కాళ్లూ దూరంగా పెట్టి నిలబడి వణుకుతోంది. పల్లెవాళ్లు గట్టెక్కి వచ్చారు. వాళ్ల పెద్ద, నెరిసిన జుట్టు మనిషి, నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు రాకపోతే మా పల్లె ఉండేది కాదండి బాబూ. పిల్లాపీచూ మీ పేరు చెప్పుకుంటారండి" అన్నాడు. అతని చేతులకి చేపల వాసన, వల తాళ్లకి ఒరిసిన కాయలు. ఆ చేతుల్లోంచి నా చేతులు తీసేసుకోవాలనిపించింది. తీసుకోలేదు. పొగడ్త బాగుంది.

మర్నాడు పొద్దు వాలేసరికి, కబురు తెలిసి సాహేబు పడవ మీద వచ్చాడు. పాకలో ఉన్న మైనా దగ్గరికి వెళ్లి, మెడ కింద చెయ్యిపెట్టి నిలబడ్డాడు. తర్వాత అరచేత్తో ఒళ్లంతా తడిమాడు. పొట్టపట్టీ ఒరుసుకుపోయిన చోట ఆగాడు. వీపు మీద ఎడమపక్క ఉబ్బిన చోట ఇంకా ఎక్కువసేపు ఆగాడు. బెత్తం వాతలు వేలితో లెక్కపెట్టినట్టు తాకాడు. అప్పుడు నా వైపు తిరిగి, "దారిలో ఎక్కడైనా ఆగారా బాబుగారూ?" అని అడిగాడు.

"లేదు. తిన్నగా వచ్చాను" అన్నాను.

ఆయన చూపు నా భుజం మీది కొత్త జరీ కండువా మీద పడింది. ఇంకేమీ అడగలేదు. మూడోరోజు పొద్దున్న మైనా పోయింది. పల్లెవాళ్లే ఇసుకలో గొయ్యి తవ్వారు. సాహేబు దాని నాలుగు నాడాలూ ఊడదీశాకే మట్టి కప్పనిచ్చాడు.

ఆఫీసులో సంజాయిషీ అడిగారు. దొరగారికి నా మీద సంతోషమే, కానీ సర్కారు గుర్రం ఎందుకు చచ్చిందో కాగితం మీద ఉండాలి. ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాను. బయల్దేరేటప్పటికే గుర్రం ఒంట్లో సరిగ్గా లేదని, అంటే తప్పు సాహేబుదని. హెడ్డుగుమాస్తాగారు చదివి, "దీన్ని సాహేబుకి తెలుగులో చెప్పి, ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేయించు" అన్నారు. గుర్రపుశాలకి నేనే తీసుకెళ్లాను. నేనే చదివాను. "దారి బాగాలేక, ప్రమాదం వల్ల గుర్రం పోయిందని రాశానండి" అన్నాను. సాహేబు కాగితం వంక చూడలేదు, నా ముఖం వంక చూశాడు. "మీరు రాశారుగా బాబుగారూ, చాలు" అని బొటనవేలు సిరాలో ముంచాడు. ఆ నెలలోనే ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఆ సంక్రాంతిలోగా నన్ను ఓవర్సీరుని చేశారు.

పెద్దమ్మ చాలా రోజులు దొడ్డిగోడ పక్కన కుండ తియ్యలేదు. "మైనాకి ఏమైందిరా?" అని ఒక్కసారి అడిగింది. "రోగం పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నా కేసి చూసి, "నూతి దగ్గరికి పో, నీళ్లు పోసుకో" అంది. ఆ వేళ నేను గుర్రాన్నే కాదు, తోలునీ తాకలేదు.

ఇప్పుడు కాకినాడ నుంచి ధవళేశ్వరానికి తంతి కొడితే అరగంటలో జవాబు వస్తుంది. రైల్లో కూర్చున్నవాడు ఎన్ని ఆమడలు పోయినా, తనని మోస్తున్నదానికి నొప్పెడుతోందా అని అడగక్కర్లేదు. మా పిల్లలకి దూరం అంటే గంటల లెక్క. మాకు దూరం అంటే మా కింద ఉన్న ప్రాణికి ఎంత ఊపిరి మిగిలిందన్న లెక్క. పాతకాలం మంచిదని రాయడం నా ఉద్దేశం కాదు. ఆ లెక్క నాకు బాగా వచ్చు. వచ్చి తప్పాను. రానివాడు చేసిన తప్పుకీ దీనికీ చాలా తేడా ఉంది.

ఇరవై ఏళ్లకి పైగా గడిచాక సామర్లకోట స్టేషను బయట ఖాసిం సాహేబు కనిపించాడు. అక్కడి జట్కా గుర్రాలకి నాడాలు కొడుతున్నాడు. గడ్డం తెల్లబడింది. నేనెవరో చెప్పుకోవలసి వస్తుందనుకున్నాను, కానీ నా నడక చూసే గుర్తుపట్టాడు. పక్కనున్న చెట్టునీడలో నిలబడి, ఎన్నేళ్లుగానో లోపల కూడబెట్టుకున్నదంతా చెప్పాను. అత్తవారి ఊరు, నిద్ర, బెత్తం, కాగితం.

"తెలుసు బాబుగారూ" అన్నాడు. "వీపు ఎడమపక్కే వాచింది కదా. ఎక్కడ నుంచి మార్చడం మానేశారో కూడా తెలుసు."

"మరి కాగితం సంగతి?"

"చదివేటప్పుడు మీ గొంతు మారింది."

"తెలిసి వేలిముద్ర ఎందుకు వేశారు?"

"చిన్నవారు, ఉద్యోగం పోతే మీకు ఇంకోటి రాదనుకున్నాను. నాకు గుర్రాలు ఎక్కడైనా దొరుకుతాయనుకున్నాను." మిగతాదీ మామూలుగానే చెప్పాడు. "దొరకలేదు. గుర్రాన్ని చంపినవాడని పేరొచ్చాక ఎవరిస్తారు? పన్నెండేళ్లు ఎడ్లబండి తోలాను."

ఆయనే అడిగాడు, మాట మార్చడానికి కాబోలు. "తర్వాత ఎవరి గుర్రాలెక్కారు? ఓవర్సీరుగారికి మంచివే ఇచ్చి ఉంటారు."

"ఎక్కలేదండి. ఆ రోజు తర్వాత మళ్లీ గుర్రమెక్కలేదు. పడవ మీదా బండి మీదా తిరిగాను" అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గర్వం ఉంది. నాకు నేను వేసుకున్న శిక్ష అది. అది వింటే ఆయన మనసు కొంచెం చల్లబడుతుందనుకున్నాను.

ఆయన ముఖంలో కోపం నేను చూడటం అదే మొదటిసారి.

"నాలుగేళ్లు నేర్పాను" అన్నాడు. "మా నాన్న దగ్గర నేర్చుకున్నది, ఆయన వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నది. ఎంతోమందికి చెప్పాను, అందులో ఇద్దరికే వచ్చింది. మా తమ్ముడికీ, మీకూ. తమ్ముడు చచ్చిపోయాడు. నా ఉద్యోగం పోతే పోయింది, మీరైనా ఎక్కుతున్నారు, ఎవరికైనా చూపిస్తున్నారు అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ బండి తోలినన్నాళ్లూ అదే అనుకున్నాను."

నేను ఏదో చెప్పబోయాను.

"రైలు వేళయింది, వెళ్లండి బాబుగారూ" అని, ఆయన గుర్రం కాలు ఎత్తి తన మోకాలి మీద పెట్టుకుని, మళ్లీ పనిలో పడ్డాడు.